డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్‌లో ఆయిల్ మార్చాను

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లారీల గేర్‌బాక్సులు విప్పి బిగించాడు. బడి వదలగానే నేను ఆ షెడ్డులోనే కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. అందుకేనేమో, మా 2008 టొయోటా ఫోర్‌రన్నర్‌కి ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిల్ మార్చం అని ఇక్కడ అమెరికాలో షాపువాళ్లు అన్నప్పుడు నాకు కోపం కంటే బాధే ఎక్కువేసింది. "అది లైఫ్‌టైమ్ ఆయిల్, ఇన్ని మైళ్లు తిరిగాక ముట్టుకుంటే గేర్లు జారతాయి" అన్నారు.

బండి మేము సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 1,42,000 మైళ్లు తిరిగింది. పాత బిల్లులన్నీ తిరగేశాను, ఈ ఆయిల్ ఊసే లేదు. మేముండేది డెన్వర్ శివార్లలో. నెలకోసారైనా ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాకా, అంటే 11,000 అడుగుల పైకి, పిల్లలూ సామాన్లతో ఎక్కుతాం. ఎత్తు ఎక్కేటప్పుడు టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం అది) ఆయిల్‌ని చిలికినట్టే ఉంటుంది. ఆ వేడే దాన్ని తినేస్తుంది. అలాంటి ఆయిల్ బండి ఉన్నన్నాళ్లూ ఉంటుందంటే నేను నమ్మలేకపోయాను. మెషిన్ పెట్టి మొత్తం ఒకేసారి తోడించడం మాత్రం నాకూ ఇష్టం లేదు. కిందినుంచి వచ్చినంత తీసి, అంతే కొత్తది పోసి, కొన్నాళ్లు నడిపి మళ్లీ తీయడం మేలనిపించింది.

ఈ బండిలో ఉన్నది ఏ750ఎఫ్ అనే ఐదు గేర్ల ఆటోమేటిక్. దీనికి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) లేదు. ఆయిల్ ఎంతుందో చూడాలంటే కిందికి దూరి ప్లగ్ విప్పాల్సిందే. పన్నెండు క్వార్టుల (సుమారు 11 లీటర్ల) టొయోటా డబ్ల్యూఎస్ ఆయిల్, ఒక చేతి పంపు, కొత్త వాషర్లు కొన్నాను. శనివారం పొద్దున ఏడున్నరకి నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి ఏడు. ఆటోమేటిక్ మీద నాన్న ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. అయినా మొదటి మాటే నాకు అక్కరకొచ్చింది. "అమ్మలూ, ముందు పోసే నట్టు ఊడుతుందో లేదో చూసుకో. అది రాకుండా కిందిది తీశావంటే బండి వాకిట్లోనే ఉండిపోతుంది."

ఆ పోసే ప్లగ్ గేర్‌బాక్స్‌కి కుడి పక్కన, 24 మి.మీ. సైజుది. చలికాలం ఇక్కడి రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ చల్లుతారు, దాంతో బండి కింద బోల్టులన్నీ తుప్పు పడతాయి. ముందు రోజు రాత్రే దానికి తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచాను. పొద్దున పానా వేసి లాగితే కదలలేదు. "పైపు తొడుగు" అన్నాడు నాన్న. గ్యారేజీలో ఉన్న ఇనుప పైపు ముక్కని పానా పిడికి తొడిగి నెమ్మదిగా బరువు వేస్తే, టిక్కుమని ఒక్క చప్పుడు చేసి వదిలింది. ఫోన్లో నాన్న "హమ్మయ్య" అన్నాడు, నాకంటే ముందు.

జాకీ అవసరం రాలేదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కదా, కింద చోటు బాగానే ఉంటుంది. పైగా నాలుగు చక్రాలూ సమానంగా ఉంటే తప్ప లెవెల్ సరిగ్గా తెలియదు. అందుకని మా ఆయన రసమట్టం తెచ్చి వాకిలి కొలిచి, చక్రాలకి చెక్కలు వేశాడు. ఒక్క జాగ్రత్త. ఇలాంటి బండికి కింద ప్లగ్గులు చాలా ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచేది), ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్ (దాన్ని కుడి, ఎడమ చక్రాలకి పంచేవి), దేని ఆయిల్ దానిదే. బోర్లించిన గిన్నెలా కనబడే ప్యాన్‌కి ఉన్నదే మనకి కావాల్సిన ప్లగ్ అని రెండుసార్లు చూసుకున్నాకే విప్పాను.

కొత్త డబ్ల్యూఎస్ ఎర్రగా, దానిమ్మ రసంలా ఉంటుంది. మాది కాచి వదిలేసిన కాఫీ డికాషన్‌లా వచ్చింది. తెల్ల పేపర్ టవల్ మీద ఒక చుక్క వేసి ఫోన్ ముందు పెట్టాను. నాన్న మాడు వాసన ఉందా అని అడిగాడు. లేదు. వేళ్ల మధ్య రుద్దితే రజను తగులుతోందా? అదీ లేదు. నాకు టెన్షన్ దిగింది అప్పుడే. వచ్చింది కొలిస్తే మూడు లీటర్లు. అంతే కొత్తది పంపుతో ఎక్కించాను.

అసలు పని అప్పుడు మొదలైంది. పోసింది సరిపోయిందా లేదా అన్నది ఇంజన్ నడుస్తుండగానే, ఆయిల్ 46 నుంచి 56 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడే చూడాలి. వేడికి ఆయిల్ ఉబ్బుతుంది. చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఎక్కువ ఉండిపోయి తర్వాత నురగ కడుతుంది. మరీ వేడిగా ఉన్నప్పుడు చూస్తే ఉండాల్సింది కూడా కారిపోతుంది. ఇంజన్ ఆపితే కన్వర్టర్‌లోకి వెళ్లాల్సిన ఆయిల్ ప్యాన్‌లోనే ఉండి లెక్క తప్పుతుంది. ఆయిల్ వేడి ఎంతో చూపించే ఓబీడీ స్కానర్ బండికి తగిలించి, మా ఆయన బ్రేక్ తొక్కి అన్ని గేర్లూ ఒక్కోసారి వేసి పార్క్‌లో పెట్టి, అంకెలు చదువుతూ కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. 44, 45...

46 అనగానే ప్యాన్‌కే ఉన్న ఇంకో ప్లగ్‌లో, అంటే ఎక్కువైన ఆయిల్ కారిపోయే ఓవర్‌ఫ్లో ప్లగ్‌లో, 5 మి.మీ. అలెన్ కీ పెట్టాను. లోపలంతా మట్టి, కీ కూర్చోలేదు. సూదితో గీరి శుభ్రం చేసేసరికి 58 అయిపోయింది. ఇంజన్ ఆపేసి గంటన్నర ఆగాం. మీరు చేస్తే ఆ గుంతని ముందే శుభ్రం చేసి పెట్టుకోండి.

రెండోసారి 47 దగ్గర విప్పాను. ముందు చిటికెన వేలంత ధార వచ్చింది. చూస్తుండగానే సన్నబడి దారమైంది, ఆ దారం తెగి చుక్కలైంది. ఎర్రటి చుక్క, ఆగి ఇంకొక చుక్క. అక్కడే మూసి 20 న్యూటన్ మీటర్ల బిగువుకి బిగించాను. ఆ ధార దారంగా మారడం చూస్తే చాలు, ఇంక ఏ అనుమానమూ ఉండదు. ధార అసలు రాకపోయి ఉంటే, ఇంజన్ నడుస్తుండగానే పైనుంచి ఇంకొంచెం పోయాలి. పక్కనే ఎగ్జాస్ట్ పైపు కాలుతూ ఉంటుంది, చెయ్యి జాగ్రత్త.

ఈ గేర్‌బాక్స్‌లో మొత్తం సుమారు 10.5 లీటర్లు ఉంటుంది, ఒక్కసారికి వచ్చేది మూడే. అందుకని ఆరు వారాల్లో మూడుసార్లు మార్చాను. లెక్క వేస్తే ఇప్పుడు లోపల మూడింట రెండొంతులు కొత్తదే. పాత ఆయిల్ మూత బిగించి ఆటో పార్ట్స్ షాపులో ఇస్తే రీసైక్లింగ్‌కి ఉచితంగానే తీసుకున్నారు. గేర్లు జారలేదు. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఉండే చిన్న కుదుపు తగ్గింది.

మూడుసార్ల పేపర్ టవళ్లు తేదీలు రాసి వరసగా పెట్టి, ఫొటో తీసి నాన్నకి పంపాను. చాలాసేపటికి ఫోన్ చేశాడు. మూడో మరక రంగు గురించి ఏమీ అనలేదు.

"ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ ఎప్పుడు?" అన్నాడు.

"వచ్చే శనివారం, నాన్నా."

"ఏడున్నరకే చెయ్యి. అన్నం తినకుండా ఉంటాను."