చొక్కా జేబులో సీసం ముక్క

బట్టలు నానబెట్టేముందు జేబులు తడమడం నాకు అలవాటు. ఇవాళ పెద్దోడి చొక్కా జేబులో కందిబేడంత సీసం ముక్క దొరికింది. నలిగి, అంచులు పువ్వులా విచ్చుకుని, వేలికి గీరుకునేంత పదునుగా ఉంది. ఎక్కడిదిరా అంటే, "అదే వచ్చి పడిందమ్మా" అన్నాడు. ఆ మాటకే నిద్ర పట్టడం లేదు.

మరిది తెచ్చిన ఎయిర్ గన్ సంగతే. పొలం దగ్గర వేపకొమ్మకు ట్రాక్టర్ పాత డిస్క్ వేలాడదీశారు, తగిలితే ఠంగుమంటుందని. ఆయన కళ్లకు కూలింగ్ గ్లాసులు, పిల్లలకు ఏమీ లేవు. పక్క చేను వాళ్ల పాప పెద్దోడి మోకాళ్ల దగ్గరే కూర్చుంది. నేనంటే, "గాలి తుపాకే కదా వదినా, గగన్ నారంగ్ 2012లో లండన్‌లో మెడల్ కొట్టింది ఎయిర్ రైఫిల్‌తోనే" అన్నాడు. నిజమే. కానీ అక్కడ పెల్లెట్‌ను, అదే ఆ సీసం గుండును, వెనక్కి రానీయకుండా పట్టేసే ఏర్పాటు ఉంటుంది. ఇక్కడ పళ్లెంలాంటి డిస్క్, దాని గుంత పిల్లల వైపే. తగిలిన ముక్క ఇంకెటు పోతుంది? ఇంత చెబితే నవ్వాడు. ఆ నవ్వుకే కడుపు మండిపోతోంది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు చెరువుగట్టు జాతరలో తుపాకితో గాలిబుగ్గలు, అదే బెలూన్లు, కొట్టించాడు బాపు. బుగ్గల వెనక ఇనుప రేకు. మూడో దెబ్బకు ఎర్ర బుగ్గ పగిలింది. నాలుగోది రేకుకు తగిలింది, బాపు చెయ్యి కంటి కిందికి పోయింది. వేళ్ల సందుల్లోంచి రక్తం. "ఏం కాలే బిడ్డా" అంటూ రుమాలు అదిమిపెట్టుకుని, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని గుట్ట దిగాడు. ఆయన పోయేదాకా ఉంది ఆ మచ్చ. నా గురి తప్పబట్టే అని ఎన్నేళ్లు ఏడ్చానో.

తుపాకి తిరిగి పంపించేయాలనే అనుకున్నాను అన్నం తినేటప్పుడు. ఇప్పుడు రాస్తుంటే మనసొప్పడం లేదు. రెండు రోజులుగా పెద్దోడు ఫోన్ ముట్టలేదు. ఊపిరి బిగబట్టి అంత కదలకుండా నిలబడడం ఎప్పుడూ చూడలేదు. తుపాకి ఉండనీ, డిస్క్ దిగాలి. పాత బట్టలు గట్టిగా కుక్కిన డబ్బా, దానికి కాగితం, వెనక మట్టికట్ట. ఆ మోతే కావాలంటే గుంటలు పడని చదును పలక, పైఅంచు మనవైపు వంగేలా కట్టాలి, ముక్కలు నేలకు కొడతాయి. దూరంగా నిలబడాలి. గ్రైండింగ్ చేసేవాళ్లు పెట్టుకునే కళ్లద్దాలు చూసేవాళ్లకూ తేవాలి, ఆ పాపకు కూడా.

సీసం ముట్టుకున్న చేతులతోనే వాడు జామకాయ తిన్నాడని ఇప్పుడు గుర్తొచ్చింది. లేపి అడగనా?