బాలి టికెట్టుతో మారతహళ్ళి దాకా

మా బాలి యాత్రలో చూసినవి రెండే. బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయం రెండో టెర్మినల్‌లో పైకప్పు నుంచి వేలాడే మొక్కలు, తెల్లవారాక బస్సు కిటికీలోంచి హెబ్బాళ ట్రాఫిక్కు. పోయిన డబ్బు లెక్కన చూస్తే ఇంత ఖరీదైన యాత్ర మేం ఎన్నడూ చేయలేదు.

2025 జూన్ 17 సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి టీవీ పెట్టాను. ఇండోనేషియాలో లెవొటోబి లకిలకి అనే అగ్నిపర్వతం పేలింది, బూడిద పది కిలోమీటర్ల ఎత్తుకు లేచింది అని వార్త. అది ఉన్నది ఫ్లోరెస్ దీవిలో, బాలికి దాదాపు 800 కిలోమీటర్ల దూరాన. బొంబాయిలో ఎవరో పొయ్యి వెలిగిస్తే బెంగళూరులో మనకు పొగ వస్తుందా అన్నాను. లకిలకి అంటే మగవాడట. పక్కనే పెరెంపువాన్ అని ఆడ కొండ ఉంది, అది కుదురుగానే ఉంది. ఆ సంగతి ఫోనులో చదివి మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది.

అయినా మనసు పీకుతూనే ఉంది. రాత్రి తొమ్మిది దాటాక ప్రయాణ బీమా కొన్నాను. మార్చిలో టికెట్లు తీసుకున్నప్పుడు బీమా గడిలోని టిక్కు తీసేసి, ఇద్దరికీ కలిపి పన్నెండు వందలు మిగిలాయని సంబరపడినవాణ్ణీ నేనే.

విమానాశ్రయంలో పెట్టెలు తోసుకుంటూ కౌంటరు దాకా వెళ్ళాక విమానం రద్దయిందన్నారు. అక్కడి నుంచి ఏడు గంటలు నిలబడ్డాం, కూర్చున్నాం, మళ్ళీ నిలబడ్డాం. కాఫీకి ఇద్దరికీ అయిన డబ్బుతో మా వీధి దర్శిని హోటల్లో నాలుగు రోజులు టిఫిను చేయవచ్చు. అంత చేసి అది కాఫీలా కూడా లేదు. ఆ రోజే ఢిల్లీ నుంచి బాలికి బయల్దేరిన విమానమొకటి సగం దారిలోంచి వెనక్కి తిరిగి వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ లెక్కన మేం అదృష్టవంతులమే అనుకోవాలి.

బస్సు ఎక్కాక కోపం హోటలు మీదికి మళ్ళింది. బాలిలోని ఉబుద్‌లో మేం గది తీసుకున్న హోటలుకు ఫోను చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడారు. హోటలు తెరిచే ఉంది, గది సిద్ధంగా ఉంది, తిరిగి ఇవ్వని ధరకు తీసుకున్నారు కాబట్టి డబ్బు వెనక్కి రాదు. రద్దు చేసుకునే వీలున్న గదికి రోజుకు ఆరు వందలు ఎక్కువని దీన్ని ఎంచుకున్నాం. ఫోను పెట్టేసి నాలో నేను తిట్టుకుంటుంటే పక్క సీటాయన అందుకున్నాడు.

"తెలుగువారా సార్? ఏ ఊరు?"

తాడిపత్రి అన్నాను. ఆయనది చిత్తూరు పక్క పల్లె. బెంగళూరు మారతహళ్ళిలో చిన్న టూర్ల ఆఫీసు నడుపుతున్నాడు. పదకొండు మందిని విమానం ఎక్కించడానికి వచ్చి, అందరినీ ఇళ్ళకు పంపి వస్తున్నాడు. ఒళ్ళో, యాత్రికుల గుంపుకు గుర్తుగా పట్టుకునే పసుపు రంగు జెండా మడత పెట్టి ఉంది. ముఖంలో దిగులు మాత్రం లేదు. అదే నాకు మంటగా అనిపించింది.

"బూడిదకే ఇంత భయమేమిటండీ?" అన్నాను.

"మీది తాడిపత్రి కదా సార్, నాపరాళ్ళ పాలిష్ దగ్గర లేచే పొడి చూడలేదా? పొయ్యిలో బూడిద కాదది. రాయి, గాజు. ఇంజను వేడికి కరిగి లోపల అతుక్కుంటుంది."

చిన్నప్పుడు మా బడి దారిలో చింతచెట్ల ఆకులన్నీ తెల్లగా ఉండేవి. వేలితో గీస్తే గరగరలాడేది. అది కొలిమిలో పడ్డట్టు ఊహించుకున్నాను. 1982లో జావా మీద ఒక బ్రిటిష్ విమానం ఇలాంటి బూడిదలోకే వెళ్ళి నాలుగు ఇంజన్లూ ఆగిపోయిందని, కిందికి జారుతూ జారుతూ అవి మళ్ళీ అందుకున్నాక జకార్తాలో దిగిందని చదివాను. అప్పటి నుంచి రద్దు చేసినవాళ్ళను తిట్టాలంటే కొంచెం నోరు తగ్గింది.

ఆయన నా ఫోను తీసుకుని బీమా పత్రం తెరిచాడు. రెండు వేళ్ళతో పెద్దది చేసి ఒక్క వరుస చూపించాడు. జారీ చేసిన సమయం 21:14. "కొండ పేలింది మన మధ్యాహ్నం మూడింటికి సార్. లోకమంతా తెలిసిపోయాక కొంటే అది అనుకోని ఆపద కాదంటారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు."

2024 నవంబరులో ఇదే కొండ పేలినప్పుడు ఆయన మనుషులు ఎనిమిది మంది బాలిలో చిక్కుకుపోయారట. గది అద్దె, తిండి అన్నీ వాళ్ళ జేబులోంచే. అప్పటి నుంచి టికెట్టు తీసిన రోజే బీమా కూడా తీస్తాడు. పాలసీలో అగ్నిపర్వతం, ప్రకృతి వైపరీత్యం అన్న మాటలు ఉన్నాయో లేవో వెతుకుతాడు. రానూపోనూ ఒకే టికెట్టులో ఉండేలా చూస్తాడు. అక్కడి ప్రభుత్వం అగ్నిపర్వతాలకు నాలుగు మెట్ల హెచ్చరిక ఇస్తుందని, మూడో మెట్టు కనబడితే డబ్బు తిరిగి ఇచ్చే హోటళ్ళే తీసుకుంటానని చెప్పాడు. "మీరు తొందరపడి టికెట్టు రద్దు చేయలేదు కదా? విమానం వాళ్ళు రద్దు చేస్తే మొత్తం వస్తుంది, మీరు చేస్తే కోతే." ఆ ఒక్క పరీక్షలో మాత్రం పాసయ్యాం. అదీ అర్ధరాత్రి మా ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కోవడం వల్ల.

వెళ్ళే టికెట్టు డబ్బు వారంలో వచ్చింది. తిరుగు టికెట్టు మాత్రం చవక అని కౌలాలంపూర్ మీదుగా వేరే సంస్థలో తీసుకున్నాను. ఆ విమానం రద్దు కాలేదు. ఒకటి రెండు రోజుల్లోనే బాలి రాకపోకలు కుదుటపడ్డాయి మరి.

మిగిలిన సెలవుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక రోజు లేపాక్షి వెళ్ళాం. 23వ తేదీన వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తుంటే ఫోను మోగింది. బాలి నుంచి మీ విమానం సరైన సమయానికే బయల్దేరుతోంది, దయచేసి మూడు గంటల ముందే చేరుకోండి అని సందేశం. మా ఆవిడ చదివి, "ఏమండీ, పెట్టెలు సర్దమంటారా?" అంది.