గోడలో చెమ్మకు థర్మల్ కెమెరా పరీక్ష: నా అనుభవం

పడకగది గోడ మీద చెమ్మ మచ్చ రోజురోజుకూ పెరిగింది. గోడకు అవతల బాత్రూమ్. టైల్స్ మొత్తం పగలగొడితే గానీ లీకేజీ ఎక్కడో చెప్పలేనన్నాడు ప్లంబర్. అంత పని పెట్టుకునే ముందు థర్మల్ కెమెరాతో చూపిద్దామనుకున్నాం.

పరీక్ష చేసే ఆయన ముందే ఫోన్‌లో చెప్పాడు: గోడకు ఆనించిన బీరువా కొన్ని గంటల ముందే జరపాలి, గోడ మీద ఎండ పడకుండా చూసుకోవాలి, గీజర్ ఆపి ఉంచాలి. బీరువా వెనక గోడ ఉష్ణోగ్రత వేరుగా ఉంటుందట, అది కూడా మచ్చలాగే కనిపిస్తుందట.

ఈ కెమెరా గోడ లోపలికి చూస్తుందని చాలామంది అనుకుంటారు. అదేం లేదు. గోడ పైపొర వదిలే పరారుణ కిరణాలను పట్టి, ఆ పొర ఎంత వేడిగా ఉందో రంగుల్లో చూపిస్తుంది, అంతే. తడి ఆరుతూ ఉంటే అక్కడ చల్లబడుతుంది కాబట్టి మా మచ్చ ముదురు నీలంగా వచ్చింది. కిటికీ పక్క మూలలో ఇంకో నీలం కనిపించేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. ఆయన గోడలో తడిని కొలిచే మాయిశ్చర్ మీటర్ ఆనించి చూశాడు: పొడిగానే ఉంది. బయటి చల్లదనం ఆ మూల గుండా లోపలికి వస్తోందట. పైగా ఏ వేడికి ఏ రంగో కెమెరానే నిర్ణయించుకునేలా స్కేలు ఆటోలో ఉంటే ఒకటి రెండు డిగ్రీల తేడాకే ఎరుపు, నీలం చూపించి హడలగొడుతుంది. బాత్రూమ్‌లో నిగనిగలాడే కుళాయి దగ్గర అంకె నమ్మొద్దన్నాడు. మెరిసే లోహం తన వేడి కంటే చుట్టుపక్కల వేడినే ఎక్కువగా చూపిస్తుందట. దాని మీద నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి, ఆ టేప్ మీద కొలిచాడు.

అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలైంది. గీజర్ వేసి వేడినీళ్ల కుళాయి తిప్పాం. కాసేపటికి గోడలోని పైపు వేడి పైపొరకు చేరి, దాని దారి సన్నటి పసుపు గీతలా తేలింది. నడుం ఎత్తున, పైపు మలుపు తిరిగే చోట ఆ గీత ఉబ్బి, కిందికి జారడం మొదలుపెట్టింది. ఇందాకటి నీలం మచ్చ పై అంచు మా కళ్ల ముందే పసుపుకు తిరిగింది. మచ్చేమో మోకాలి ఎత్తున, లీకేజీ దానికి పైన, ఓ పక్కగా! మచ్చకు ఎదురుగా పగలగొట్టి ఉంటే ఏమీ దొరికేది కాదు.

ప్లంబర్ మలుపు దగ్గరి టైల్స్ మాత్రమే తీసి ఎల్బో (పైపును మలుపు తిప్పే ముక్క) మార్చాడు. మళ్లీ వేడినీళ్లు వదిలి చూస్తే గీత ఎక్కడా ఉబ్బలేదు. మీటర్ మాత్రం గోడలో ఇంకా తడి చూపిస్తోంది, అందుకే పెయింట్ పని ఆపి ఉంచాం.