మైపాడు బస్సులో ఫినాయిల్ సీసా

నెల్లూరు దగ్గర మైపాడు బీచికి ఆటో అడిగితే రానూపోనూ పన్నెండు వందలన్నాడు. సముద్రం చూడ్డానికయ్యా, కొనుక్కోడానికి కాదు అని బస్సెక్కాను. సోమవారం పొద్దున. ఇందుకూరుపేట రాకముందే కాలు పెట్టే చోటు లేదు. పక్క సీటు మేడం ఒళ్ళో చీపురుకట్ట, సుద్దముక్కల డబ్బా, ఫినాయిల్ సీసా. ఒక గుంతలో బస్సు ఎగిరిపడేసరికి మూత ఊడి సగం ఫినాయిల్ నా ప్యాంటు మీద పడింది. నోటిదాకా వచ్చిన మాట, ఆమె కంగారు చూసి మింగేశాను.

"ఏమనుకోబాకండి సార్, బడి కోసం తీసకపోతా ఉండా."

"ఫినాయిల్ కూడా మీరే కొనాలా?"

"గ్రాంటొస్తే అందులోంచి. అందాకా నా జీతమే గ్రాంటు."

యానాది గిరిజనుల కాలనీలో బడి, ఈమె ఒక్కరే టీచరు. బడి ఖర్చులకిచ్చే సమగ్ర శిక్ష పథకం గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఇస్తారు. ముప్పై మంది వరకు ఏడాదికి 10,000, ముప్పై దాటి వంద వరకు 25,000. ఈమె రిజిస్టరులో 29 మంది. రోజూ వచ్చేది 31 మంది! పైనున్న ఇద్దరూ అన్నాచెల్లెళ్ళు. పుట్టిన సర్టిఫికెట్ లేదు, ఆధార్ లేదు, వాళ్ళమ్మకీ లేదు. పేర్లు ఆన్‌లైన్లో ఎక్కలేదు.

"అన్నం పెడతా ఉండా, అఆలు దిద్దిస్తా ఉండా. కంప్యూటరుకే కనపడరు వాళ్ళు."

నాకు హైదరాబాద్ అశోక్‌నగర్లో ఉద్యోగ పరీక్షల కోచింగ్ రోజులు గుర్తొచ్చాయి. సబ్‌ప్లాన్ చట్టం మాకు ఖాయంగా వచ్చే బిట్టు. 2013లో ఒకటో నంబరు చట్టం, ఎస్సీ ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో నిధులు, పదేళ్ళ గడువు. 2023లో ఆంధ్రప్రదేశ్ ఇంకో పదేళ్ళు పొడిగించింది. రాష్ట్రంలో ఎస్టీలు సుమారు 5.5 శాతం, కాబట్టి వాటా కూడా ఆ లెక్కనే. ఉద్యోగం రాలేదు గానీ బిట్టు మర్చిపోలేదు. గొప్పగా అప్పజెప్పాను.

మేడం నవ్వారు. "అందరికిచ్చే పథకంలో గిరిజనులకు పడిందీ ఆ పద్దులోకే రాసుకుంటారు సార్. పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే తల్లికి వందనం 13,000 ఖాతాలో పడితే అదీ అంతే. తప్పనను, ఆ తల్లులకు ఆ డబ్బు కావాల. అట్టాగని అందులోంచి ఫినాయిల్ కొనియ్యమ్మా అని అడగలేను గదా."

తెనాలి దగ్గర మా ఊరి బడికి అమెరికా పోయినవాళ్ళు గేటు కట్టించి, దాని మీద తమ పేర్లు చెక్కించుకున్నారు. ఈ కాలనీ నుంచి అమెరికా పోయిందెవరు?

స్టాపులో ఇద్దరు పిల్లలు చీపురు అందుకోడానికి పరిగెత్తుకొచ్చారు.

"ఆ ఇద్దరేనా?"

"కాదు సార్, వీళ్ళు రిజిస్టరులో ఉండేవాళ్ళే. పేర్లెక్కని ఆ ఇద్దరి నాయన రొయ్యల గుంటకి కాపలా, అక్కడే గుడిసె. రొయ్యలు పట్టేస్తే ఇంకో గుంటకి పోతారు. అప్పుడు 29కి 29, లెక్క సరిపోతాది" అంటూ దిగిపోయారు.

సముద్రం గురించి చెప్పేదేం లేదు. అలలొచ్చాయి, పోయాయి. రెండు ముక్కల చేప వేపుడుకి 200 గుంజారు, అందులో సగం ముల్లే. రెండు ఉతుకులైనా ప్యాంటుకి ఫినాయిల్ వాసన మాత్రం పోలేదు.