ఎక్స్‌రే బాగుంది, మోకాలు బాగోలేదు

"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, నొప్పి మాత్రం తగ్గడం లేదు, ఏం చేయమంటారు?" మోకాళ్ల గురించి ఎక్కువమంది అడిగేది ఇదే. ఇంతవరకే చెబితే ఎంత పెద్ద డాక్టరైనా తేల్చలేరు. ముందు నొప్పి ఎక్కడుందో ఒక్క వేలు పెట్టి చూపించండి. అరచెయ్యి ఆన్చి "మోకాలంతా" అనకండి.

మెట్లు దిగేటప్పుడు, గొంతుకూర్చున్నప్పుడు ముందువైపు నొప్పి వస్తే మోకాలి చిప్పను అనుమానించాలి. లోపలివైపు కీలు గీత మీదే నొప్పి ఉండి, కాలు మధ్యలో పట్టేసి చాపలేకపోతే లోపలి మెత్తటి పొర, అంటే మెనిస్కస్ చిరిగి ఉండొచ్చు. ఆ గీతకు రెండు మూడు అంగుళాల కింద, ఎముక మీద నొక్కితే నొప్పి పుడితే అది చాలాసార్లు కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడులాంటి నరం కింద ఉండే చిన్న సంచి వాపు. ఎక్స్‌రే ఎముకనే చూపిస్తుంది కాబట్టి మెనిస్కస్ చిరుగూ, ఈ సంచి వాపూ అందులో కనపడవు. కీలు అరుగుదల తెలియాలంటే ఎక్స్‌రే నిలబడి తీయించుకోవాలి. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో కీలు సందు ఉన్నదానికంటే వెడల్పుగా కనిపిస్తుంది.

మోకాలు నొక్కినా ఎక్కడా నొప్పి లేకపోతే తుంటిని చూడమని అడగండి. తుంటి కీలు చెడితే నొప్పి తొడ ముందునుంచి మోకాలిదాకా దిగుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, తుంటినీ మోకాలినీ మడిచి, పాదాన్ని బయటికి తిప్పితే అక్కడే పట్టేస్తుంది. 10 నుంచి 16 ఏళ్ల పిల్లలు కుంటుతూ మోకాలు నొప్పి అంటే ఇది మరీ ముఖ్యం. తుంటి ఎముక తల జారి ఉండొచ్చు, ఆలస్యం చేస్తే కాలు పాడవుతుంది.

జ్వరంతో పాటు మోకాలు వేడెక్కి, ఎర్రగా వాచి, కాలు మోపనివ్వకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అది కీలులో చీము కావచ్చు. సూదితో నీరు తీసి పరీక్షించాలి. పొద్దున్నే బిగుసుకుపోయిన కీలు అరగంటలోపు సర్దుకుంటే అరుగుదల వైపు ఆలోచించాలి. గంట దాటినా వదలక, వేళ్ల కీళ్లు కూడా వాచి ఉంటే కీళ్లవాతం రక్తపరీక్షలు చేయించాలి.

ఇక మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది నొప్పి మాత్రల గురించి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు ఏళ్లుగా కనిపిస్తోంది. షుగర్, బీపీ లేనివాళ్లకీ వస్తోంది, కారణం ఇంకా పూర్తిగా తేలలేదు, చాలాకాలం ఏ లక్షణమూ బయటపడదు. అలాంటి చోట ఉభాలు (వరి నాట్లు) అయ్యాక నడుమూ మోకాళ్లూ లాగుతున్నాయని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కుని నెలల తరబడి మింగడం చాలా ప్రమాదం. ఈ మందులు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, బీపీ మాత్రతో పాటు నీరు పోయే మాత్ర వాడేటప్పుడు ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే నొప్పి సూదిలోనూ ఉండేది చాలాసార్లు ఇదే మందు.

కాబట్టి నొప్పి మాత్రకంటే ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించుకోండి. క్రియాటినిన్ 1.2 ఉంటే "నార్మలే" అని కాగితం మడిచి పెట్టేయకండి. 60 ఏళ్ల ఆడమనిషికి ఆ అంకె ఉంటే కిడ్నీ పనితీరు సుమారు 52 అని లెక్క వస్తుంది. 60 కంటే తక్కువగా 3 నెలలు ఉంటే అది కిడ్నీ జబ్బే. వయసు చెప్పి ఈజీఎఫ్‌ఆర్, అంటే ఈ కిడ్నీ పనితీరు అంకె, లెక్కించమని అడగండి. నొప్పికి ముందు పారాసెటమాల్ చూడండి. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి లేదా రెండు, 6 గంటల ఎడంతో, రోజుకు 6 మించకుండా. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, మద్యం తాగేవాళ్లు డాక్టరును అడిగే వేసుకోవాలి. షాపులో ఇచ్చిన స్ట్రిప్ వెనక చదవండి, పారాసెటమాల్‌తో ఎసిక్లోఫెనాక్ కలిపిన మాత్రలు చాలా ఉన్నాయి.

ప్రమాద లక్షణాలు ఏవీ లేకపోతే తొడ కండ మీద పని మొదలుపెట్టండి. మోకాలి కింద చుట్టిన తువాలు పెట్టి కిందికి నొక్కి, 5 అంకెలు లెక్కపెట్టి వదలండి, 10 సార్లు. తర్వాత ఆ కాలిని చాపి, రెండోది మడిచి, చాపినదాన్ని అడుగు ఎత్తు లేపి 5 అంకెలు ఆపండి, 10 సార్ల చొప్పున 3 విడతలు. మర్నాడు నొప్పి పెరిగితే సగానికి తగ్గించండి, మానేయకండి. ఆరు వారాలకు గానీ తేడా తెలియదు, చాలామంది పది రోజులకే వదిలేస్తారు. పలాస జీడిపప్పు పనిలో గంటల తరబడి కింద కూర్చునేవాళ్లకు కుర్చీ, బల్ల పెట్టకుండా ఈ వ్యాయామం ఒక్కటీ సరిపోదు. చేతికర్ర పట్టేవాళ్లు నొప్పి లేని కాలివైపు చేత్తో పట్టాలి.

డాక్టరు దగ్గరకు ఎక్స్‌రేతో పాటు, ఇప్పటిదాకా మింగిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.