టెంపెల్‌హాఫ్‌లో బొగ్గు దింపుడు: 1/72 సీ-54 డయోరమా పని ఎంతవరకు వచ్చిందంటే

1948లో సోవియట్లు దారులు మూసేసిన పశ్చిమ బెర్లిన్‌కు మిత్రదేశాలు విమానాల్లో సరుకు చేరవేసిన బెర్లిన్ ఎయిర్‌లిఫ్ట్ అనగానే అందరికీ గుర్తొచ్చేది చేతిరుమాళ్ల పారాచూట్లకు మిఠాయిలు కట్టి వదిలిన అమెరికన్ పైలట్ గెయిల్ హాల్వర్సన్. మోడళ్లలోనూ ఎక్కువగా అదే దృశ్యం. కానీ 1948 జూన్ నుంచి 1949 సెప్టెంబరు దాకా విమానాలు చేరవేసిన సుమారు 23 లక్షల టన్నుల్లో మూడింట రెండొంతులు బొగ్గే. అందుకే ఈ డయోరమాలో, అంటే అసలుకు 72వ వంతు కొలతల దృశ్య నమూనాలో, మిఠాయిలు లేవు, మసే. చోటు బెర్లిన్‌లోని టెంపెల్‌హాఫ్ విమానాశ్రయం. 1948 నవంబరు, పొగమంచు రోజులు; నగరంలో ఒక దశలో వారానికి సరిపడా బొగ్గే మిగిలిన సమయం. వెనక తలుపు తెరిచిన నాలుగింజన్ల రవాణా విమానం సీ-54, దాని పక్కకు రివర్స్‌లో వచ్చి ఆగిన ట్రైలర్, మధ్యలో చెక్క జారుడుబల్ల.

బేస్‌కు 60 × 45 సెం.మీ., 12 మి.మీ. ప్లైవుడ్ చాలు. ఈ స్కేలులో రెక్కల పొడవు 497 మి.మీ., విమానం పొడవు 397 మి.మీ. వస్తాయి. చాలామంది విమానం కింద చిల్లుల ఇనుప పలకలు పరిచేస్తారు. అవి రన్‌వేకు వేసినవి. సరుకు దింపే ఏప్రన్ గట్టి నేల. పలకలు చూపించి తీరాలంటే బేస్ మూలన ఒక కుప్పగా పేర్చండి: ఒక్కో పలక 10 అడుగులు × 15 అంగుళాలు, అంటే ఇక్కడ 42.3 × 5.3 మి.మీ.

ఫ్యూజలాజ్ (విమానం మొండెం) రెండు సగాలూ అతికాయి. మోడల్ తోకమీద కూలబడకుండా ముక్కులో బరువు ఎంత పెట్టాలో అతికించే ముందే తేల్చుకోవాలి. రెక్కలు, తోక, ఇంజన్లు టేపుతో తగిలించి, ప్రధాన చక్రాల ఇరుసు వచ్చే చోట రెండువైపులా వేళ్లతో ఆన్చి, ముక్కు వాలేదాకా గాలానికి కట్టే సీసపు గుండ్లు వేస్తూ పోండి. వాలిన తర్వాత ఇంకో ఐదో వంతు కలపండి. ప్రైమర్, రంగు, డెకాల్స్ (నీటిలో నానబెట్టి అతికించే గుర్తులు) బరువు ఎక్కువగా తోకవైపే పడుతుంది. గుండ్లను ఎపాక్సీతో బిగించాలి. సూపర్‌గ్లూ పెళుసు, ఎక్కడో ఒక దెబ్బకు ఊడి లోపల గలగలమంటుంది, అప్పుడు తీసే దారి ఉండదు. అసలు విమానానికి కూడా వెనక బరువు పడేటప్పుడు తోక కింద ఊతం పెట్టేవాళ్లు, 1 మి.మీ. ఇత్తడి కడ్డీతో అది చేసి పెడితే దృశ్యానికీ నప్పుతుంది, మోడలూ వెనక్కి పడదు.

తోక కింద చక్రముండే చిన్న రవాణా విమానం సీ-47ను అమెరికన్లు 1948 శరత్కాలానికే ఈ పని నుంచి తప్పించడానికి వేగం తేడా ఒక కారణమైతే, వాలుగా ఉండే దాని నేల ఇంకోటి. మూడున్నర టన్నులు దింపడానికి, సమంగా నిలిచే సీ-54లో పది టన్నులు దింపినంత సేపు పట్టేది. కాబట్టి మోడల్‌లో నేల నీటిమట్టంలా ఉండాలి. ముక్కు చక్రం కాలు ఒక్క మిల్లీమీటరు పొడవైనా కథ చెడుతుంది.

బస్తాల లెక్క ఇలా. పది టన్నులు, బస్తా 50 కిలోలు అనుకుంటే విమానానికి 200. కనిపించేవి అరవై చాలు: తలుపు దగ్గర పదిహేను, బల్ల మీద మూడు, మిగతావి ట్రైలర్‌లో. ఎం-సీల్ కలిపి 5 మి.మీ. కడ్డీలా పామి, 12 మి.మీ. ముక్కలు కోసి, పాత నైలాన్ మేజోడు మీద ఒత్తితే నేత గుర్తు పడుతుంది. మెత్తగా ఉండగానే ఒకదానిమీద ఒకటి పేర్చాలి. గట్టిపడ్డాక పేరిస్తే సబ్బు బిళ్లల్లా నిలబడతాయి, బరువు కనిపించదు. మొదట్లో వాడినవి సైనికుల డఫెల్ సంచులు, తర్వాత గోనె సంచులు. ఆలివ్, గోధుమ రంగులు రెండూ కలపొచ్చు.

రంగు దగ్గరే అసలు తంటా. నిగనిగలాడే నలుపు వేసి, పూర్తిగా ఒక రోజు ఆరనిచ్చి, దానిమీద అల్యూమినియం లాకర్. వానాకాలంలో విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో తెల్లటి బూజులా పొర కడుతుంది: థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ అక్కడే చేరుతుంది. రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలిపిన థిన్నర్ వాడండి, లేదా ఏసీ గదిలో వేయండి. డెకాల్స్‌లో నక్షత్రం పక్కనున్న తెల్ల పట్టీల మధ్య ఎర్ర గీత ఉందో లేదో చూసుకోండి. అది 1947 జనవరిలో వచ్చింది. యుద్ధకాలపు షీటు వాడితే ఒక్క చూపుకే దొరికిపోతారు.

బొగ్గు దుమ్ముకు పచ్చి నలుపు వాడితే బొమ్మలా ఉంటుంది. మూడు వంతుల నలుపు పాస్టెల్‌కు ఒక వంతు ముదురు గోధుమ. తలుపు గడప, దాని కింది రేకు, జారుడుబల్ల, కూలీల భుజాలు, అంతే; ముక్కు మీద ఎందుకుంటుంది? లోపల నేలమీద మాత్రం దండిగా వేయండి. ఆ దుమ్ము కంట్రోల్ కేబుళ్లనూ విద్యుత్ కనెక్షన్లనూ తినేసేదని మెకానిక్‌లు తలపట్టుకున్నారు. ఇంత దుమ్ములో పక్కన పిండి బస్తాలు పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

మెత్తటి ప్లాస్టిక్ సైనికుల తుపాకులు కోసేస్తే కూలీలు తయారు. గిన్నెల సబ్బుతో కడిగి, నీళ్లు కలిపిన ఫెవికాల్ పూత వేయకపోతే రంగు పెచ్చులూడుతుంది. ఇక మిగిలింది ట్రైలర్. రెండున్నర టన్నుల జీఎంసీ ట్రక్కు కిట్లు దొరుకుతాయిగానీ ఒక విమానం సరుకు దానికి నాలుగింతలు. ప్లాస్టిక్ షీటుతో పది టన్నుల ట్రైలర్ విడిగా కట్టాలి. ముందు జారుడుబల్ల కోణం 30 డిగ్రీలకు కుదిరేలా దాని ఎత్తు చూసుకోవాలి.