ఆరో చుక్క కోసం మైంజ్ దాకా

ఈటా మీసాన్ అనే సూక్ష్మ కణం విడిపోవడాన్ని, అంటే దాని క్షయాలను, నేను నాలుగేళ్లుగా తెరమీద చుక్కలుగా మాత్రమే చూస్తూ వచ్చాను; డిటెక్టరులో పడిన ఒక్కో ఫోటాన్‌కు, అంటే కాంతి కణానికి, ఒక్కో చుక్క. అందుకే జర్మనీలోని మైంజ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రాన్లకు శక్తినిచ్చే మామి యాక్సిలరేటరు దగ్గర రాత్రి షిఫ్టులకు మనుషులు కావాలని మా బృందంలో అడిగినప్పుడు అందరికంటే ముందు నా పేరు ఇచ్చాను. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో నీళ్ల సీసాకు యూరోలు లెక్కపెట్టి ఇస్తున్నప్పుడు ప్రాణం ఉసూరుమన్న మాట నిజమే గాని, ఎస్8 రైలు ఎక్కి అరగంటలో మైంజ్ చేరేసరికి ఆ బాధ మరచిపోయాను.

అసలు నిరుత్సాహం కంట్రోల్ రూములో కాచుకుని ఉంది. బీమ్, అంటే ఎలక్ట్రాన్ల ధార, నడుస్తున్నంతసేపు డిటెక్టరు ఉన్న హాలులోకి ఎవరూ అడుగు పెట్టకూడదు. ఆ నియమం నాకు తెలియనిది కాదు; అయినా అంత దూరం వచ్చి, కాంక్రీటు గోడకు ఇవతల కూర్చుని, ఇంట్లో చూసుకునే చుక్కలనే రాత్రంతా చూడవలసి రావడం మింగుడుపడలేదు.

గోడకు అవతల జరిగేది మాత్రం మామూలు సంగతి కాదు. 1.6 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా శక్తి పొందిన ఎలక్ట్రాన్లు పలుచని రేకును దాటుతూ కొంత శక్తిని ఫోటాన్లుగా వదులుతాయి. ట్యాగరు అనే పరికరంలోని అయస్కాంతం ఆ ఎలక్ట్రాన్లను వంచి, వాటిలో ఎంత శక్తి మిగిలిందో చెబుతుంది కనుక, ఫోటాన్‌ను తాకకుండానే దాని శక్తి ఎంతో కూడికలు తీసివేతలతో తేలిపోతుంది. ఆ శక్తి సుమారు 707 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు దాటితే హైడ్రోజన్‌లోని ప్రోటాన్ మీద ఈటా పుట్టగలదు. పుట్టిన ఈటాలలో దాదాపు మూడో వంతు మూడేసి తటస్థ పయాన్లుగా, అంటే ఇంకా తేలికైన కణాలుగా, విడిపోతాయి, ఒక్కొక్క పయాన్ దాదాపు ఎప్పుడూ రెండు ఫోటాన్లవుతుంది. అంటే తెరమీద ఆరు చుక్కలు రావాలి. వాటిని జతలుగా కలపడానికి 15 మార్గాలుంటాయి, వాటిలో నిజమైనది ఒక్కటే. ప్రోటాన్ల వంటి కణాల లోపల ఉండే అప్ క్వార్కుకూ డౌన్ క్వార్కుకూ ద్రవ్యరాశి తేడా లేకపోతే ఈ క్షయం దాదాపుగా జరగనే జరగదు, అందుకే దాని మీద ఇంత మోజు. నా లెక్కలో మాత్రం ఆరో చుక్క ఉండవలసినంత తరచుగా కనిపించేది కాదు. సంవత్సరంగా ఆ లోటుతోనే కుస్తీ పడుతున్నాను.

తెల్లవారుజామున ముందే అనుకున్న విరామంలో బీమ్ ఆపారు. ఒంటికి సోకే రేడియేషన్‌ను కొలిచే డోసిమీటరు తగిలించుకుని లోపలికి వెళ్లాను. ఫోటాన్లను పట్టే ఆ డిటెక్టరు పేరు క్రిస్టల్ బాల్ కనుక మెరిసే గాజు గోళం ఏదో కనిపిస్తుందని మనసు మూల ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. తీరా చూస్తే లోహపు తొడుగు, దానినిండా కేబుళ్ల పొద. 672 సోడియం అయోడైడ్ స్ఫటికాలూ ఆ తొడుగులోనే ఉంటాయి, ఎందుకంటే చెమ్మ తగిలితే అవి వానాకాలం ఉప్పులా నీరుకారిపోతాయి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో మొదలై, 1982లో హాంబర్గ్‌కూ, ఆ తరువాత బ్రూక్‌హేవెన్‌కూ వెళ్లి, 2002లో ఇక్కడికి వచ్చిన ఆ గోళం నాకంటే ఎక్కువ ప్రయాణాలే చేసింది.

నా చూపు అతుకు దగ్గర ఆగింది. గోళం ఒకే ముద్ద కాదు, రెండు అర్ధగోళాలు. పై సగానికీ కింది సగానికీ మధ్య స్టీలు రేకులూ, వాటి నడుమ సన్నని సందూ ఉన్నాయి. ఈ సంగతి నేను ఎన్నోసార్లు చదివినదే. అయినా డిటెక్టరును కంప్యూటరులో అనుకరించే నా సొంత సిమ్యులేషన్‌లో పని తొందరగా అవుతుందని నిండు గోళమే రాసుకుని, తరువాత ఆ మాటే మరచిపోయాను. వేలు ఆ సందు వైపు చూపిస్తూ నిలబడిపోయిన నన్ను, సమయం అయిపోయిందని తోటి షిఫ్టు ఆయన రెండుసార్లు పిలవవలసి వచ్చింది.

బీమ్ మళ్లీ వచ్చాక లాప్‌టాప్ తెరిచి, అయిదు చుక్కల ఘటనలను మాత్రం ఏరి, తప్పిపోయిన ఆరో ఫోటాన్ ఎటు పోయి ఉంటుందో ఒక్కొక్కదానికీ లెక్కగట్టాను. చాలా దిశలు చెదురుమదురుగానే పడ్డాయి గాని, వాటి నడుమ అడ్డంగా, గోళం నడికట్టు వెంట, ఒక చిక్కని గీత తేలింది.